పూలచెట్లు కొట్టిన కోడలు

"గుర్రంకొండకు నీళ్ళు పోసినావా మే?"

తెల్లారీ తెల్లారకముందే వాకిట్లో నిలబడి కేకేసింది గంగులమ్మ.

"పోసినానత్తా. పుంగనూరుకు కూడా పోసేసినా. పలమనేరు ఒకటే మిగిలుండాది," అని బోరింగు దగ్గర నుంచి బదులిచ్చింది కోడలు మునిలక్ష్మి.

దారిన పోయే కొత్తవాళ్ళెవరైనా వింటే, ఈ అత్తాకోడళ్ళు జిల్లా మొత్తానికీ నీళ్ళు సరఫరా చేస్తున్నారని అనుకోవాలి. మదనపల్లెలో పుంగనూరు రోడ్డు పక్కన ఉన్న ఆ ఇంటి సంగతి తెలిసినవాళ్ళు మాత్రం నవ్వుకుని పోతారు. ఆ ఊళ్ళన్నీ గంగులమ్మ వాకిట్లోని పూలచెట్ల పేర్లు.

గంగులమ్మ భర్త రెడ్డెప్ప బస్సు డ్రైవరు. ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆయన బండి తోలాడు. పెళ్ళైన కొత్తలో ఒకరోజు, పలమనేరులో ఎవరి ఇంటి ముందో నందివర్ధనం విరగబూసి ఉంటే, ఆ ఇల్లాలిని అడిగి ఒక కొమ్మ తీసుకున్నాడు. తడి గోనెపట్టాలో చుట్టి, సీటు కింద పెట్టుకుని, రాత్రికి ఇంటికి తెచ్చాడు. "నీకు చీర తెద్దామని పోతి, జీతం ఇంకా ఇయ్యలేదన్నారు. ఇది తెస్తి," అన్నాడట. గంగులమ్మ మూతి మూడు వంకర్లు తిప్పుతూనే దాన్ని నాటింది. అది బతికింది. ఆ తర్వాత ఆయన గుర్రంకొండ నుంచి ఎర్ర గన్నేరు తెచ్చాడు, పుంగనూరు నుంచి నూరువరహాలు తెచ్చాడు, కుప్పం నుంచి ముద్దమందారం తెచ్చాడు. ఏ ఊరి కొమ్మకు ఆ ఊరి పేరే పెట్టి పిలుచుకున్నారు మొగుడూ పెళ్ళాలు.

రిటైరైన రోజున మాత్రం నర్సరీలో డబ్బిచ్చి ఒక తూజా మొక్క కొనుక్కొచ్చాడు. పిల్లలు చదువొస్తుందని పుస్తకాల్లో దాచుకునే ఆకు ఉంటుందే, ఆ చెట్టు. గోపురంలాగా నిటారుగా పెరిగింది. దానికి ఊరి పేరు లేదు. అది 'ఆయన చెట్టు'. ఆయన పోయి నాలుగేళ్ళయింది.

ఇప్పుడా చెట్లన్నీ ముసలివైపోయాయి. కిందంతా మోడు కాళ్ళు, పైన ఎక్కడో ఇంత ఆకు. మందారం పువ్వు కావాలంటే గంగులమ్మ స్టూలు ఎక్కి, దోటితో లాగాలి. నూరువరహాలు ఏడాదికొకసారి నాలుగు గుత్తులు పూసి ఊరుకుంటోంది. అయినా సరే, చెట్టు మీద కత్తి పడనిచ్చేది కాదు. పూసే చెట్టుకు కత్తి తగిలిస్తే పాపమని వాళ్ళమ్మ చెప్పింది, ఆమెకు వాళ్ళమ్మ చెప్పింది.

మునిలక్ష్మి ఈ ఇంటికి వచ్చి ఏడాది కాలేదు. రామకుప్పం దగ్గర పల్లె ఆమెది. మల్బరీ తోట, పట్టుపురుగులు, వాటి చుట్టూ తిరిగే సంసారం. తల్లి చిన్నప్పుడే పోతే, తండ్రి దాసప్ప పెంచాడు. మాట తక్కువ, పని ఎక్కువ. ఒకసారి కొడవలి పట్టుకుని గన్నేరు దగ్గర నిలబడి, "అత్తా, ఈ ఎండిన కొమ్మలన్నా తీసేద్దునా?" అని అడిగింది.

"ఆ కొడవలి కింద పెట్టు ముందు! మీ మామ చేతుల్తో నాటినవి అవి," అని కసిరింది గంగులమ్మ. మళ్ళీ ఆ ఊసెత్తలేదు పిల్ల.

ఆరోజు గంగులమ్మ కుప్పం ప్రయాణం. కూతురు నీలిమకు రెండో కాన్పు. పెద్దదాని బడి పోతుందని పుట్టింటికి రాలేనంటే, తల్లే బయల్దేరింది. బస్సెక్కే ముందు చెట్ల దగ్గరికి పోయి ఒక్కొక్కదాన్నీ తడిమింది. "జాగ్రత్త మే. నేనొచ్చేదాకా వీటికి నువ్వే అమ్మ," అంది. మునిలక్ష్మి ముఖం వికసించింది. అత్త నోటి నుంచి అంత పెద్ద మాట రావడం అదే మొదలు.

*

నీలిమకు మగపిల్లాడు పుట్టాడు. నామకరణానికి గంగులమ్మ కొడుకు ముద్దుకృష్ణ కూడా కుప్పం వచ్చాడు. పాడి ఆవును వదిలి రాలేక మునిలక్ష్మి ఇంట్లోనే ఉండిపోయింది. అతను వచ్చిన మర్నాడు పొద్దున నీలిమ వాళ్ళింట్లో ఫోను మోగింది. అవతల మునిలక్ష్మి, ఎస్టీడీ బూతు నుంచి.

"అత్తా, కుప్పానికి పురుగు పట్టుండాది. తెల్లగా, పిండి సల్లినట్ల. పలమనేరుక్కూడా పాకతా ఉండాది. కొట్టేదా?"

ఒడిలో పసివాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. వంటింట్లో పాయసం అడుగంటుతోందని ఎవరో అరుస్తున్నారు.

"కొట్టు మే! దానికి నన్నడిగేదేముంది?"

"నిజంగానా అత్తా?" మునిలక్ష్మి గొంతులో ఆశ్చర్యం. "అన్నీనా?"

"కొట్టాలంటే అన్నీ కొట్టాల. ఒకటి వదిలినా దాన్నించి మల్లా అన్నిటికీ వస్తాది."

"మామ చెట్టు... అది కూడానా?"

"దాన్ని వదిలిపెడ్తావా? ముందు అదే కొట్టు!" అని గంగులమ్మ ఫోను పెట్టేసింది. పిల్లకు ప్రతిదీ చెప్పాలి అని విసుక్కుంటూ పాయసం దగ్గరికి పరుగెత్తింది.

*

నామకరణం ముగిశాక తల్లీకొడుకులు మదనపల్లెలో బస్సు దిగి ఇంటికొచ్చారు. తొలకరి వాన పడి వెలిసింది. గేటు తీసిన గంగులమ్మ అక్కడే ఆగిపోయింది. తప్పుడు ఇంటికి వచ్చానా అని ఒక్క క్షణం వెనక్కి తిరిగి వీధి కూడా చూసింది.

చెట్లు లేవు. వాకిలి బోసిగా, ఇల్లు వీధికంతా కనబడుతూ ఉంది. గుర్రంకొండ ఉన్నచోట మోకాలెత్తు మోళ్ళు. పలమనేరు ఉన్నచోట మోళ్ళు. కోసిన మొనలకు పేడ ముద్దలు అద్ది ఉన్నాయి. ఆయన చెట్టు ఉన్నచోట ఒక బోడి కొయ్య నిలబడి ఉంది.

మునిలక్ష్మి నవ్వుతూ ఎదురొచ్చింది, చేతిలో చెంబుతో. "వస్తిరా అత్తా! కాళ్ళకు నీళ్ళు..."

"ఎవురు చేసినారు మే ఇది?"

"నేనే అత్తా. మచ్చుకత్తితో నేనే..."

గంగులమ్మ సంచీ వదిలేసి నేలమీద కూలబడింది. "అయ్యో! అయ్యో నా తల్లో! నలభై ఏండ్ల చెట్లు! ఆయన సీటు కింద పెట్టుకోని తెచ్చిన చెట్లు! ఆ మనిషి పోయినా ఇవి సూసుకోని బతకతా ఉంటిని కదే! నీ చేతులు యాల పడిపోలేదే!"

ఇరుగుపొరుగు గోడల మీదుగా చూస్తున్నారు. ముద్దుకృష్ణకు తల కొట్టేసినట్టయింది. "నీకు బుద్ధుందా? ఎవుర్ని అడిగి చేసినావు?" అని భార్య మీదికి వచ్చాడు.

మునిలక్ష్మి చెంబు కింద పెట్టింది. "అత్తనే ఫో..." అని ఆగిపోయింది. గుండె బాదుకుంటున్న అత్త వైపు చూసింది. ఆ చూపు చాలాసేపు అక్కడే ఉండిపోయింది. తర్వాత తల దించుకుంది.

"ఎవుర్నీ అడగలేదు. మా ఊరి మాదిరి అనుకుంటి. తప్పు నాదే."

"తప్పంట, తప్పు!" గంగులమ్మ లేచింది. "నేను కూడా ముదిరిపోయినా గదా, పూత లేదు, కాత లేదు. ఆ మచ్చుకత్తి తీసుకోనొచ్చి నన్ను కూడా మొదలుకు నరికెయ్యి. పీడా పోతాది!"

ఆ మాటకు మునిలక్ష్మి రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఆరోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు.

మర్నాడు గంగులమ్మ ఎస్టీడీ బూతుకు పోయి కూతురికి ఫోన్ చేసింది. ఈ ఇంట్లో తనకింక ఎవరూ లేరనీ, వినాయక చవితి కాగానే పెట్టె సర్దుకుని కుప్పం వచ్చేస్తాననీ, మళ్ళీ తిరిగి వెళ్ళేది లేదనీ చెప్పింది. పాలు పోసి వస్తున్న మునిలక్ష్మి బూతు పక్కన నిలబడి అంతా వింది. తల్లి మొహం గుర్తులేని పిల్ల అది. ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ అత్తను అంటిపెట్టుకుని తిరిగింది. ఇప్పుడా అత్త వెళ్ళిపోతానంటోంది, తన చేతుల వల్ల.

*

అత్త మాట మానేసింది. మొగుడు ముభావంగా తిని లేచిపోతున్నాడు. మునిలక్ష్మి మాత్రం పొద్దున లేస్తే మోళ్ళ దగ్గరే. చుట్టూ మట్టి గుల్ల చేసింది. మాగిన పేడ ఎరువు వేసి, పైన ఎండు గడ్డి పరిచింది. పేడ ముద్దలు వానకు కరిగితే మళ్ళీ అద్దింది.

గంగులమ్మ కిటికీలోంచి చూస్తూనే ఉండేది. చూడకూడదనుకుంటూనే చూసేది. ఒక పొద్దున నందివర్ధనం మోడు బెరడు మీద పచ్చగా ఏదో కనబడింది. కళ్ళజోడు తుడుచుకుని చూసింది. చిగురు! పెసరగింజంత లేదు. ఆయన పలమనేరు నుంచి తెచ్చిన కొమ్మ, నాటిన కొన్నాళ్ళకు ఇట్లాగే చిగురు వేస్తే, ఆ రాత్రి ఇద్దరూ లాంతరు పట్టుకుని చూసి మురిసిపోయారు. "బతికింది గంగులూ," అని ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఆ మాట ఇప్పుడు చెవిలో వినబడినట్టయి, గంగులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోడలు ఇటు తిరిగేసరికి మొహం ముడుచుకుని లోపలికి పోయింది.

ఒకటి తర్వాత ఒకటి లేచాయి. గన్నేరు మొదట్లోంచి గుంపుగా పిలకలు వేసింది. మునిలక్ష్మి వాటిలో గట్టివి నాలుగైదు ఉంచి, మిగతావి గోటితో గిల్లేసింది. శ్రావణం దాటేసరికి నూరువరహాలు నేల నుంచి గుబురుగా ఎక్కింది. కిందిదాకా నిగనిగలాడే ఆకు చూసి ఎన్నేళ్ళయిందో గంగులమ్మకు గుర్తు కూడా లేదు. మందారానికి నడుమెత్తులోనే మొగ్గలు కనబడ్డాయి.

తూజా మాత్రం లేవలేదు. ఆ జాతి అంతేనని, ఆకులేని ముదురు కొయ్య దాకా కోస్తే మళ్ళీ చిగురు వెయ్యదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మునిలక్ష్మి దానికి అందరికంటే ఎక్కువ ఎరువు వేసింది. అందరికంటే ముందు దానికే నీళ్ళు పోసింది. బెరడు గీరి చూసి, లోపల గోధుమ రంగు కనబడితే, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకునేది. గంగులమ్మ అదీ చూసింది. ఏడువు, బాగా ఏడువు, అనుకుంది కసిగా. ఆ కసి మాత్రం మునుపటిలాగా నిలవడం లేదు. అందుకు తనమీద తనకే కోపం వచ్చేది.

*

చవితి ముగిసిన మర్నాడు మునిలక్ష్మి తండ్రి దాసప్ప వచ్చాడు, భుజాన రాగుల మూటతో. ఇంట్లో జరుగుతున్నదేదీ అతనికి తెలియదు. కూతురు పాలు పోయడానికి డెయిరీకి పోయింది. ముద్దుకృష్ణ బజారుకు పోయాడు. గంగులమ్మ నడవలో పెట్టె సర్దుకుంటోంది.

"బాగుండావా వదినా?" అంటూ మూట దించి, వాకిట్లోకి తిరిగి చూసి, దాసప్ప చేతులు నడుముకు పెట్టుకుని నిలబడిపోయాడు. "అబ్బబ్బ! ఏం లేసినాయప్పా చెట్లు! భలే కొట్టింది మా పాప. ఈ ఏడు మా తోట కూడా ఇట్ల లేవలేదు."

గంగులమ్మకు ఒళ్ళు మండింది. "కొట్టేదేంది అన్నా? మందు గింది కొట్టలేదు నీ కూతురు. కత్తి తీసుకోని నరికింది!"

దాసప్ప నవ్వాడు. "మందా? మా ఇంట్లో ఆ మాటే పలకరు వదినా. ఆకుకు మందు తగిలితే పట్టుపురుగులన్నీ సస్తాయి, మా నోట్లో మన్ను పడతాది. మాకు కొట్టేదంటే ఒకటే. వానలు పడతానే తోట మొదలుదాకా కోసేది. దాన్నే తోట కొట్టేదంటాము."

గంగులమ్మ చేతిలో మడతపెడుతున్న చీర ఆగిపోయింది.

దాసప్ప తన ధోరణిలో చెప్పుకుపోతున్నాడు. "ఆ పొద్దు మా ఊరి పాలడిపోకు ఫోన్ చేసి నన్ను పిలిపిచ్చింది. 'నాయినా, అత్త అన్నీ కొట్టమన్నాది, మామ చెట్టు ముందు కొట్టమన్నాది. అదంటే అత్తకు పానం. చెయ్యి ఆడలేదు నాయినా, ఏం చేసేది?' అనింది. నేనే గదిమినా. 'పెద్దామె నోటితో చెప్పినాక నీకేం ఆలోచన? మాట మీరద్దు,' అంటి. ఏం వదినా, అట్ల సూస్తాండావు?"

గంగులమ్మ చెవుల్లో తన గొంతే మోగుతోంది. కొట్టు మే. కొట్టాలంటే అన్నీ కొట్టాల. దాన్ని వదిలిపెడ్తావా, ముందు అదే కొట్టు. ఆరోజు ఆమె మనసులో ఉన్నది సందులో మూలన పడున్న మందు పంపు. పిల్ల చెవికి చేరింది మచ్చుకత్తి. కాలు జారితే వెనక్కి తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరందరికీ చెప్పే గంగులమ్మ, ఆ చీరను అట్లాగే ఒళ్ళో పెట్టుకుని గోడకు చేరగిలబడింది. తెలియక చేసిందని అనుకుంది ఇన్నాళ్ళూ. తెలియనిది తనకేనా? "అత్తనే ఫో..." అని ఆరోజు పిల్ల ఆపేసిన మాట ఇప్పటికి అర్థమయింది.

దాసప్ప కంగారుపడి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. అవి తాగి, "నువ్వు కూసోన్నా, నేనిప్పుడే వస్తా," అని గంగులమ్మ లేచింది.

మునిలక్ష్మి ఖాళీ పాలక్యానుతో పెరటి దారిన అప్పుడే వచ్చింది. అత్త ఎదురుగా వచ్చి నిలబడేసరికి బెదిరి పక్కకు తప్పుకోబోయింది.

"ఆ పొద్దు యాల చెప్పలేదు మే?"

"ఏంది అత్తా?"

"నేనే కదా కొట్టమంటి. ఫోన్లో నేనే చెప్పినానని యాల అనలేదు? ఇంతమందిలో అన్ని మాటలంటి నిన్ను. నీ మొగుడు నీతో సరిగా మాట్లాడి ఎన్నాళ్ళాయ! ఒక్క మాట అనుంటే పొయ్యేది కదే!"

మునిలక్ష్మి కాలి బొటనవేలితో మట్టి గీరుతూ నిలబడింది. "మీరు గుండె బాదుకోని ఏడస్తా ఉంటిరి అత్తా. మామ చెట్టు మీ మాటతోనే పాయనని తెలిస్తే మీరు బతకరు అనుకుంటి. నన్ను తిడితే రెండురోజులు తిడతారు. మిమ్మల్ని మీరు తిట్టుకుంటే ఎవురు ఆపుతారు?"

ఈ పిల్లనా తను వదిలి పోతున్నది, అనుకుంది గంగులమ్మ.

అంతలో వీధి వాకిట్లో ముద్దుకృష్ణ గొంతు వినబడింది. "మా! ఆటో తెచ్చినా. పదకొండుకు కుప్పం బస్సు ఉండాది. పెట్టె యాడ?" మామగారిని చూసి ముఖం గంటు పెట్టుకున్నాడు. "నీ కూతురు చేసిన ఘనకార్యం సూసినావా మామా? మా అమ్మ ఇల్లు వదిలి పోతాండాది."

దాసప్ప బిక్కమొహం వేశాడు. గంగులమ్మ కోడలి చెయ్యి పట్టుకుని, దాదాపు లాక్కుంటూ, ముందు వాకిట్లోకి వచ్చింది. ఆటో చప్పుడుకు పక్కింటి రామప్ప, అతని భార్య ఎల్లమ్మ గోడ దగ్గరికి వచ్చి ఉన్నారు. ఆరోజు గుండె బాదుకున్నప్పుడు కూడా వాళ్ళు అక్కడే ఉన్నారు. మంచిదే అనుకుంది గంగులమ్మ.

"రేయ్ కిట్టా, ఆటో పంపించెయ్. నేను యాడికీ పోను."

"అదేంది మా?"

"చెట్లు కొట్టమన్నది నేను. నా నోటితో నేనే చెప్పినా, కుప్పం నుంచి, ఫోన్లో. మందు కొట్టమన్నాననుకుంటిని. వాళ్ళ ఊర్లో కొట్టేదంటే కోసేదంట. అన్నీ కొట్టమంటి. మీ నాయన చెట్టు ముందు కొట్టమంటి. ఈ బిడ్డ నా మాట జవదాటలేదు." గంగులమ్మ గోడ వైపు తిరిగింది. "విను ఎల్లమ్మా, నువ్వూ విను. నేను ఏడుస్తానని, నా తప్పును అది నెత్తిన పెట్టుకోని, మీరందరూ సూస్తా ఉంటే నోరు మూసుకోనుండింది. కన్న కూతురు కూడా ఇట్ల చెయ్యదు."

ముద్దుకృష్ణ భార్య వైపు చూడబోయి, చూడలేక, ఆటోవాడికి ఏదో చెప్పి పంపేశాడు. తిరిగి వచ్చి ఆమె చేతిలోని పాలక్యాను తను అందుకున్నాడు. "నాకన్నా చెప్పుండచ్చు కదా మునీ," అన్నాడు మెల్లగా.

ఇన్నాళ్ళూ అందరి ముందూ రాయిలా నిలబడిన మునిలక్ష్మి అప్పుడు కదిలిపోయింది. మొగుడి మాటకు కాదు, దాసప్ప ఓదార్పుకూ కాదు. ఎండిన తూజా కొయ్య దగ్గరికి పోయి, దాన్ని పట్టుకుని కూర్చుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇదొక్కటి బతకలేదత్తా! ఎంత చేసినా రాలేదు. మామ చెట్టు సచ్చిపాయ కదత్తా!"

గంగులమ్మ మోకాళ్ళ నొప్పులు కూడా మరిచి ఆమె పక్కనే నేలమీద చతికిలబడింది. పిల్ల తలను ఒళ్ళోకి లాక్కుంది. ఇద్దరి కన్నీళ్ళూ ఒకరి చీర మీద ఒకరివి పడుతున్నాయి.

"దాన్ని సంపమన్నది నేను, బతికియ్యాలని నీళ్ళు పోసింది నువ్వు," అంది గంగులమ్మ కోడలి జుట్టు నిమురుతూ. "మీ మామ ఉన్నింటే ఈ పొద్దు నన్నే తిట్టుండును. నువ్వు ఏడవబాక తల్లీ."